గట్టు పెరిగింది

1. ఏరు పాదాల మెట్టు మీద

రోజూ పని దిగే ముందు ఆ రోజు జరిగింది రాసి, దాన్ని చెవికి చదివి వినిపించాలట. పేర్రాజు గారి ఆర్డరు. ఆయన మా కొత్తలంకకి ప్రెసిడెంటు. "నువ్వు మాట్లాడినట్టే రాయరా, చెవికి మన మాట పట్టుబడుతుంది" అన్నాడు. రాయడం వచ్చిన పనివాళ్ళు ఊళ్ళో పెద్దగా లేరు. నాకూ ఎవడూ నేర్పలేదు. మా పెద్దలు వచ్చిన ఓడలోంచి దింపిన పెట్టెల మీది అచ్చు చూసి నేర్చుకున్నాను. నేను కూడబలుక్కుని చదివిన మొదటి వాక్యం 'తలకిందులు చేయరాదు'.

నా పేరు బుల్లబ్బాయి. నవ్వేవాళ్ళు ఇప్పుడే నవ్వేయండి.

చెవి అంటే యంత్రం. ఏటిగట్టు పొడుగునా పాకలున్నాయి, పాకకొక లస్కరు, అంటే గట్టు కాపలా మనిషి, లస్కరు ముందొక గొట్టం. వాళ్ళు గొట్టంలో చెప్పింది చెవి వింటుంది. తూములు తియ్యాలా, మూయాలా, సైరన్ కొట్టాలా అన్నది తనే తేల్చుకుంటుంది. తేలకపోతే పసుపు దీపం వెలిగించి నన్ను అడుగుతుంది, నేను మీట నొక్కుతాను. ఏ మాటకి ఏది అర్థమో దానికి నేర్పింది నేనే. గర్వంగానే చెబుతున్నాను. ఇదివరకు పాకల్లో ఇనుప గంటలుండేవి. చెవి వచ్చాక వాటిని కరిగించి తూము తలుపులకి వేశారు.

మా గట్టు మట్టి గట్టు కాదు. ఈ నేల మీద చెట్టు లేదు, రాయి లేదు. ఉన్నదల్లా మనిషి మునిగేంత నీలిరెల్లు, దాని మధ్యలోంచి చెల్లేరు. పాత నేల మీద మునిగిపోయిన గోదారికి ఇది చెల్లెలని ఓడ దిగినవాళ్ళు పెట్టిన పేరు. రెల్లు నాటితే వేళ్ళు ఒండ్రుని పట్టుకుని గట్టు తనంతట తానే లేస్తుంది. అందుకే లస్కర్లు పొద్దున్నే గొట్టంలో చెప్పే మొదటి మాట అదే. "రెండు వేళ్ళు పెరిగింది." "బెత్తెడు పెరిగింది." "పెరగలేదు బాబూ, మేకలు మేసేశాయి."

ఈవేళ వంపు పాక గొట్టంలో గడ్డిపురుగులు దూరాయంటే తుడవడానికి వెళ్ళాను. అక్కడి లస్కరు సూరాయమ్మ. వాళ్ళ అమ్మ, అమ్మమ్మ కూడా ఆ వంపులోనే కాపలా కాశారు.

"ఏరా బుల్లబ్బాయ్, తిన్నావా?"

"తిన్నాను మామ్మా."

"ఏం తిన్నావో. దొండకాయకి సొక్కా తొడిగినట్టున్నావ్. ఉండు, గింజల గంజి ఉంది."

గిన్నె అందుకోబోతే ఆవిడ చెయ్యి గొట్టం అంచుకి తగిలింది. గాజు రెండు ముక్కలైంది.

"అయ్యో, గాజు పెరిగిందిరా!"

"పెరగడమేంటి? పగిలింది."

గంజి చెయ్యి అలాగే తెచ్చి నా నోటికి అడ్డం పెట్టేసింది. "తప్పు! గాజుని ఆ మాట అనకూడదు. పెరిగిందనాలి. తాళినీ అంతే, పెరిగిందనాలి. దీపం కొండెక్కిందంటాం. బియ్యం నిండుకున్నాయంటాం. మంచిదాని మీద సెడ్డమాట ఏస్తే అదే అవుద్ది."

"ఈ నేల మీద కొండే లేదు కదా మామ్మా, దీపం ఎక్కడికి ఎక్కుద్ది?"

"నీ నెత్తికెక్కుద్ది. పో, రెండో పేటకి పో."

అది మా ఊరి తిట్టు. రెండో పేట అనేదే లేదు. మా ఊళ్ళో ఒకటో పేట, మూడు, ఆరు, ఏడు, ఎనిమిది. అంతే. రెండో పేటకి పో అంటే ఎటన్నా పోయి చావు అని.

ఇలాంటి మాటలు చెవికి నేర్పను. మాటకి ఒక్క అర్థం ఉండాలి. లేకపోతే యంత్రం ఎందుకు, పూజ చేసుకోవచ్చు. చెవీ, చదువుతున్నాను, బాగా విను: పెరిగింది అంటే పెరిగింది.

2. ఏరు మోకాళ్ళ మెట్టు మీద

ఏటి రేవులో మెట్లకి ఒంటి భాగాల పేర్లుంటాయి: పాదాలు, మోకాళ్ళు, నడుము, గొంతు, తల. నిన్నటిదాకా పాదాలు. పైన ఎక్కడో వానలట.

పేర్రాజు గారు పిలిచి ఇంకో పని అప్పగించాడు. జోడు పున్నమికి, అంటే పెద్ద చంద్రుడు చిన్న చంద్రుడు ఒకేసారి నిండే నాటికి, ఊరు పుట్టి నూరేళ్ళు. ఆ రోజు అందరి ముందూ చదవడానికి ఊరి చరిత్ర కావాలి. "నాలుగు గుడిసెల నుంచి ఇంత ఊరు ఎలా పెరిగిందో రాయి. జనం ఛాతీ ఉప్పొంగాలి."

రాస్తున్నాను. గట్టు మీద అక్కడక్కడ ఓడ ఇనుముతో పాతిన గుంజలున్నాయి. ఒక్కోదానికీ పసుపు తాడు, తాడుకి పసుపు కొమ్ము. ఎండిపోతే లస్కర్లు కొత్తది కడతారు. అవేంటని ఆయన్నే అడిగాను.

"ఊరి పుట్టినరోజు గుర్తులురా. మా తాతగారు చెప్పేవారు, ఆ ఏడు గట్టు పెరిగింది, ఊరు కదిలింది అని. గట్టు బాగా పెరిగిన ఏట మురిసిపోయి పసుపు కట్టుకున్నారు, కొత్త పేట వేసుకున్నారు."

"మరి రెండు, నాలుగు, ఐదు పేటలు లేవేం?"

"అచ్చిరాని అంకెలై ఉంటాయి. వదిలేశారు."

అలాగే రాశాను. సూరాయమ్మని అడిగితే ఇంకో కొండెక్కిన దీపం చెబుతుంది. అడగలేదు.

నాకు రాయాలని ఉండి రాయనిది ఒకటుంది. ఒకటో పేట మిట్ట మీద ఉంటుంది. పేర్రాజు గారి ఇల్లు అందులోనే. ఎనిమిదో పేట ఏటి కంటే పల్లం. తూముల్లో పూడిక తోడేవాళ్ళు, రెల్లు కోసేవాళ్ళు అక్కడుంటారు. నాతో పనిచేసే నాగులు ఇల్లు అక్కడే, సూరాయమ్మ ఉన్న వంపుకి సరిగ్గా కింద. వాళ్ళ నాన్న భద్రం గారు రెల్లు చాపలు నేస్తాడు. నేను వెళ్తే నా పొడుగుకి చాప కొలిచి, "నీకు సగం చాప చాల్రా బుల్లీ, మిగతాది తాకట్టు పెట్టుకో" అంటాడు.

నాగులు నా చరిత్ర విని, "ఊరు పెరిగింది పెరిగింది అని ఇన్నిసార్లు రాశావు. మా పేటలో దోమలు కూడా పెరిగాయని రాయరా, అదీ చరిత్రే" అన్నాడు. రాయలేదు. రాయాల్సింది.

3. ఏరు నడుము మెట్టు మీద

మంచి ఎండ. మబ్బు పోగు లేదు. మధ్యాహ్నం అన్నాలవేళ వంపు పాక నుంచి సూరాయమ్మ గొంతు.

"గట్టు పెరిగింది! ఒరే, గట్టు పెరిగిందిరా!"

పొద్దునే చెప్పాల్సిన మాట ఇప్పుడా చెప్పడం? చెవి పసుపు దీపం వెలిగించింది. మాట తెలిసిందే, గొంతు తెలిసిన గొంతులా లేదని దాని గోల. నేను చరిత్రలో ఏడో పేట దగ్గరున్నాను. విసుగొచ్చింది.

"ఎంత పెరిగిందో చెప్పు మామ్మా. కొలత లేకుండా నేనేం నొక్కను?"

"మనిషంత పెరిగింది! పసుపు కొమ్ము పట్టుకురమ్మను, బేగి!"

మనిషంతట! రోజుకి బెత్తెడు లేస్తేనే గొప్ప. నూరేళ్ళ పండగకి ముసలావిడ కూడా ముస్తాబవుతోందనుకున్నాను. వంపు పక్క పాకలోని లస్కరు కూడా, "అవును బాబూ, పైపాకలో పెరిగిందంట, పసుపు పంపండి" అన్నాడు. రెండో గొంతు కూడా అదే చెప్పేసరికి చెవికి అనుమానం తీరింది. నేను 'పెరుగుదల' మీట నొక్కాను. పసుపు దీపం ఆరిపోయింది.

చరిత్ర చివర ఒక వాక్యం కలిపాను: 'నూరో ఏట కూడా మన గట్టు మనిషంత పెరిగి ఊరిని దీవించింది.' బాగా కుదిరింది. సాయంత్రం నాగులుకి చదివి వినిపిస్తాను.

4.

ఎనిమిదో పేట పోయింది.

సైరన్ మోగలేదు. అన్నాలవేళ కదా, అందరూ ఇళ్ళలోనే ఉన్నారు. నీళ్ళు వచ్చిన చప్పుడు చెవి గదికి వినిపించింది గానీ తూము తీశారనుకున్నాను. నేనూ నాగులూ పరిగెత్తేసరికి ఇళ్ళ కప్పులు రెల్లు మీద తేలుతున్నాయి. ఆ తరవాత దొరికినవాళ్ళని దొరికినట్టు మిట్ట మీదకి మోశాం.

భద్రం గారు మగ్గం దగ్గరే దొరికాడు. చాప సగం నేసి ఉంది.

గట్టు వంపులో మనిషి నిలబడితే పట్టేంత కంత. అక్కణ్ణించే మొదలైందట. సూరాయమ్మ ఒక్కత్తే ఆ కంతలో రెల్లు మోపులు కుక్కుతూ ఉంటే పక్క పాకవాడు వచ్చి లాగేశాడు.

ఈవేళ ఇంతకంటే రాయను. చెవికి చదవను.

5. ఏరు నడుము మెట్టు మీద

ఒకటో పేట సావిట్లో విచారణ. ప్రెసిడెంటు గారి ముందు సూరాయమ్మని నిలబెట్టారు. చేతులు మోచేతి దాకా చీరుకుపోయి ఉన్నాయి. గాజులు లేవు, ఒక్కటి తప్ప.

"కంత ముందు చూసింది నువ్వేనా?"

"ఆయ్, నేనేనండి."

"చెవికి చెప్పావా?"

"సెప్పానండి."

"ఏమని?"

"పెరిగిందనండి."

సావిడంతా ఒక్కసారి గొల్లుమంది. నవ్వో ఏడుపో తెలియని చప్పుడు. వెనక నుంచి ఎవరో అరిచారు: "గట్టు కొట్టుకుపోతంటే పెరిగిందని సెప్పిందంట!"

పేర్రాజు గారు మెల్లగానే అడిగాడు. "సూరాయమ్మా, పెరగడం వేరు, తెగడం వేరు కదమ్మా?"

ఆవిడ రెండు చెవులూ మూసుకుంది. "ఆ మాట అనకండి బాబూ. గట్టు ముత్తైదువండి. ముత్తైదువని పట్టుకుని ఆ మాట ఎలా అంటానండి? మనిషంత పెరిగింది, పసుపు కొమ్ము పట్టుకురమ్మని సెప్పాను. మా అమ్మా అలాగే సెప్పింది. మా అమ్మమ్మా అలాగే సెప్పింది. ఇనేవోళ్ళు గంట కొట్టేవోరు, జనం మిట్టెక్కేవోరు. ఇంకెలా సెప్పమంటారండి?"

అక్కడ తెలిసింది నాకు. కాదు, అబద్ధం రాస్తున్నాను. అంతకుముందే తెలుసు. నీళ్ళలో పరిగెత్తుతున్నప్పుడే ఆవిడ గాజు ముక్కలు నా కళ్ళ ముందు కనిపించాయి. నాకు ఆ మాట చెప్పారు. గంజి చేత్తో నా నోరు మూసి మరీ చెప్పారు. నేను చెవికి నేర్పలేదు. నేర్పకపోవడమే కాదు, నేర్చుకోవద్దని చదివి వినిపించాను.

సూరాయమ్మ చూపు సావిడంతా తిరిగి నా దగ్గర ఆగింది. నేను నా కాళ్ళు చూసుకున్నాను. ఓడ జోళ్ళు. బురద ఎండి ఉంది.

"మతి తప్పింది పాపం" అని పేర్రాజు గారు తేల్చాడు. పండగ కాగానే ఆవిణ్ణి పాక ఖాళీ చేయించి ముసలివాళ్ళ వసారాకి పంపుతారు. పాత లస్కర్లందరినీ మార్చేస్తారు. ఎనిమిదో పేటలో మిగిలినవాళ్ళకి తొమ్మిదో పేట వేస్తారు. వంపుకి కాస్త పక్కన, అదే పల్లంలో. పండగనాడు చరిత్ర చదవగానే దానికి ముగ్గు పోస్తారు.

నాగులు నా పక్కనే కూర్చుని ఉన్నాడు. మూడు పూటలుగా వాడు తిండి తినలేదు.

"ఆ ముసల్దాన్ని ఏట్లో తొయ్యాల్రా" అన్నాడు.

నేను "ఊ" అన్నాను.

6. ఏరు నడుము దాటింది

వంపు పాకకి వెళ్ళాను. క్షమించమని అడగడానికి కాదు. దెబ్బలాడటానికి. పడుకుంటే ఆ 'ఊ' నా గొంతులోనే కూర్చుంటోంది. ఆ కోపం ఎవరో ఒకరి మీద దింపాలి.

ఆవిడ మూట కట్టుకుంటోంది. తల ఎత్తలేదు.

"ఇన్నావనుకున్నానురా" అంది.

"విన్నాను మామ్మా. అర్థం కాలేదు."

"అర్థం కాలేదా, అక్కర్లేదనుకున్నావా?"

అరిచాను. "నీ మడి మాటలకి అంతమంది పోయారు! ఒక్క మాట విడమరిచి చెబితే ఏం పోయేది నీకు?"

"సెప్పానుగా, గాజు పెరిగిన నాడు." ఆవిడ గొంతు పెంచలేదు. "నేనూ తిట్టుకుంటన్నాను. ఆ మాటేదో అనేసుంటే నా నోరు పడిపోయినా బద్రం ఉండేవోడు. ఆ పాపం నాది. నీది నీ దగ్గరుంచుకో. రా, నా వల్ల కాదు, గుంజ పట్టు."

కంత పూడ్చిన చోట కొత్త గుంజ పాతాం. ఆవిడ పసుపు తాడు కట్టి కొమ్ము ముడేసింది.

"తాళి పెరిగితే ఏం సేత్తారు? ఇంకోటి సేయించుకునేదాకా పసుపు కొమ్ము కట్టుకుంటారు. ఇదీ అంతే." గట్టు వెంట దూరంగా ఉన్న గుంజ చూపించింది. "అది రెండో పేట."

"రెండో పేట లేదు కదా."

"మా అమ్మ పుట్టింది అందులోనే. అదుగో అది నాలుగు. ఆ వరసలోది ఐదు."

ఒక్కో గుంజకీ ఎదురుగా గట్టు లోపలి వైపు చూశాను. గింజ మడులు. ఊళ్ళో అన్నిటికంటే బాగా పండే మడులు. ఇళ్ళు ఎందుకు లేవో ఎప్పుడూ అనుకోలేదు. చిన్నప్పుడు ఆ మట్టిలో మాకు కుండపెంకులు దొరికేవి. ఆడుకునేవాళ్ళం.

"పోయినోళ్ళ అంకె పెట్టుకోకూడదని పక్క అంకె పెట్టుకున్నారు" అంది సూరాయమ్మ. "ఎవురన్నా అడిగితే, ఆ ఏడు గట్టు పెరిగింది, ఊరు కదిలింది అనేవోరు. ఇనేవోళ్ళకి తెలుసు. ఆళ్ళు పోయారు, మాట మిగిలింది. పేర్రాజు బాబు తాత కూడా నాలుగో పేటోడే."

నేను రాసిన ఊరి చరిత్ర అంతా గుర్తొచ్చింది. పెరిగింది, పెరిగింది, పెరిగింది. వచ్చే పండగనాడు దాన్ని చదివి, అదే పల్లంలో ఇంకో పేటకి ముగ్గు పోస్తారు. ఆ ముగ్గు కూడా నా చేతిదే.

7. ఏరు గొంతు మెట్టు మీద. జోడు పున్నమి

నిన్న పేర్రాజు గారికి అంతా చెప్పాను. మీట సంగతి కూడా.

"మా తాత నాలుగో పేటా?"

"ఆయ్."

"నాకు తెలీదురా. తెలిస్తే మురిసిపోతూ రాయిస్తానా?" మొహం తుడుచుకున్నాడు. తరవాత మళ్ళీ ప్రెసిడెంటు అయిపోయాడు. "ఇప్పుడు చెబితే జనం చెవిని నమ్మరు, గట్టుని నమ్మరు. తొమ్మిదో పేటకి ఎవడూ రాడు. మిట్ట మీద చోటు ఇవ్వమంటే ఒకటో పేటవాళ్ళు ఒప్పుకోరు. సూరాయమ్మకి వసారాలో మంచం ఉంది, ముద్ద ఉంది. నువ్వు కుర్రాడివి. నిన్ను ఏం చేస్తారో తెలుసా?"

తెలుసు. అందుకే ఒక రాత్రంతా ఆయన మాట బాగానే ఉందనిపించింది. అది కూడా రాస్తున్నాను. మంచివాడిలా కనబడాలని లేదు.

ఈవేళ సావిడి ముందు ఊరంతా కూర్చుంది. గొట్టాలన్నీ తెరిచారు, పాకల్లో ఉన్నవాళ్ళకి కూడా వినబడాలని. నేను చరిత్ర చదవడానికి లేచి, చరిత్ర పక్కన పెట్టి, ఈ రాత చదివాను. మొదటి నుంచి. దొండకాయకి చొక్కా దగ్గర పిల్లలు నవ్వారు. మూడోది చదువుతున్నప్పుడు ఎవరూ నవ్వలేదు. మీట నొక్కాను అన్న వాక్యం దగ్గర ఆగి, దాన్ని మళ్ళీ చదివాను. పసుపు గుంజలు, గింజ మడులు, పేటల అంకెలు, అన్నీ చదివాను. పేర్రాజు గారు ఆపించలేదు. కూర్చుని నేల చూస్తూ విన్నాడు.

'ఊ' కూడా చదివాను.

నాగులు లేచి నా దగ్గరికి వచ్చాడు. కొడతాడనుకున్నాను. కొడితే బాగుండేది.

"'ఊ' అన్నావు కదరా" అన్నాడు. అంతే. వెళ్ళిపోయాడు.

తరవాత గోల. నన్ను ఊరు దాటించాలని కొందరు, గడ్డిలో ఒక్కణ్ణి వదిలెయ్యాలని కొందరు. ఎనిమిదో పేట ఆడవాళ్ళు మాత్రం ఒకటో పేట మిట్ట మీదకి నడిచి, ఖాళీగా ఉన్న మేకల దొడ్లో మూటలు దింపి, కూర్చున్నారు. "ముగ్గు ఎక్కడ పోత్తారో పోసుకోండి, మేం ఇక్కణ్ణించి లేవం" అన్నారు. ఎవరూ లేపలేకపోయారు.

సాయంత్రానికి తేలింది. సూరాయమ్మని పాకలోనే ఉంచుతారు. ఆవిడకి కాలూ చెయ్యీ కింద, మోపులు మోయడానికి, నేను. ఎంతకాలమంటే ఆవిడ చాలన్నదాకా. చెవి గదిలో నా పీట మీద నాగులు కూర్చుంటాడు. ఇక మీదట లస్కరు ఎవరైనా 'గండి' అని తెగేసి చెప్పాలని కొత్త రూలు.

8. ఏరు తల మెట్టు మీద

తల మెట్టు కనబడటం లేదు. కింద నీళ్ళు మట్టిరంగు మానేసి నల్లగా తిరుగుతున్నాయి. నేను వంపు పాకకి వచ్చినప్పటి నుంచి నాగులు పొద్దున్న నా లెక్క తీసుకుంటున్నాడు గానీ మాట్లాడడు. నేను "రెండు వేళ్ళు పెరిగింది" అంటాను. అటువైపు మీట చప్పుడు. అంతే.

ఈ ఉదయం మా పాకకి దగ్గర్లోనే, ఆరో పేట ఎదురుగా గట్టు చెమర్చింది. రెల్లు మొదట్లో ముందు తడి, తరవాత బుడగలు. సూరాయమ్మ వంగి చెయ్యి పెట్టింది. మోచేతి దాకా దిగింది. చెయ్యి తియ్యలేదు, అక్కడే అడ్డం పెట్టి కూర్చుంది.

"గొట్టం దగ్గరికి పో. నీ నోటికొచ్చిన మాట సెప్పు. ఏ మాటైనా సరే, నాకు పట్టింపు లేదు. బేగి!"

పరిగెత్తాను. ఏం చెప్పాలో తెలుసు. రూలు తెలుసు. గండి. రెండు అక్షరాలు. మడి మాటలని ఎగతాళి చేసినవాణ్ణి నేనే. గొట్టంలో నోరు పెట్టి వెనక్కి చూశాను. ఆవిడ గట్టు మీద వాలి ఉంది, జబ్బ దాకా బురదలో. ఆ చేతికే ఆ ఒక్క గాజు.

"నాగులూ, గట్టు పెరిగింది" అన్నాను.

అన్నాక గుర్తొచ్చింది. ఈ గొంతుతోనే కదా చెవికి చదివాను, పెరిగింది అంటే పెరిగింది అని. నా గొంతులో ఆ మాటకి దానికి తెలిసిన అర్థం ముందు అదే. అక్కడ పసుపు దీపం వెలుగుతూ ఉంటుంది. మీట మీద నాగులు చెయ్యి ఉంటుంది. ఆరో పేటలో పిల్లలు గంజి తాగుతూ ఉంటారు. మళ్ళీ నేనే. ఆ రెండు అక్షరాల కోసం నోరు తెరిచాను.

"ఎంత?"

నాగులు గొంతు.

"చెయ్యి దూరేంత. మామ్మ చెయ్యి పెట్టి ఉంది. ఆరో పేట ఎదురుగా."

నా మాట పూర్తి కాకుండానే సైరన్ అందుకుంది. అంత పెద్ద చప్పుడని తెలీదు నాకు, ఎప్పుడూ వినలేదు కదా. ఆరో పేట మొత్తం ఇళ్ళలోంచి ఊడిపడి మిట్ట వైపు పరిగెత్తింది. ఎనిమిదో పేటవాళ్ళు మేకల దొడ్లోంచి ఎదురు దిగి ముసలివాళ్ళని ఎత్తుకున్నారు.

గొట్టం ఇంకా తెరిచే ఉంది.

"పసుపు కొమ్ము పంపుతున్నాను. రెల్లు మోపులు కూడా. గట్టి మనుషులు ముప్పై మంది వత్తన్నారు" అన్నాడు నాగులు. "నువ్వు సావకు, ఎదవా."

నేను "ఊ" అన్నాను.

9. ఏరు నడుము మెట్టు మీద

దిగుతోంది. ఆరో పేటలో మోకాలెత్తు బురద, ఒక మేకపిల్ల పోయింది. మనుషులందరూ ఉన్నారు. సూరాయమ్మ చెయ్యి భుజం దాకా వాచింది, గంజి నేను తాగించాను. "సరిగ్గా పట్టు, నా నోరేమన్నా తూమా?" అని తిట్టింది.

మధ్యాహ్నం నాగులు పాకకి వచ్చాడు. వాళ్ళ నాన్న సగం నేసి వదిలేసిన చాప తెచ్చాడు. పాక నేల తడిగా ఉంది కదా, పరిచి వెళ్ళాడు. దాని మీద నేను పడుకోలేదు. మామ్మని పడుకోబెట్టాను.

ఆరో పేట ఎదురుగా గుంజ పాతాను. తాడు నేనే కట్టాను, ముడి వదులుగా ఉందని ఆవిడ లోపల్నించే అరిస్తే విప్పి మళ్ళీ కట్టాను. ఆ గుంజకి ఎదురుగా గింజ మడి పడదు. ఆరో పేట ఆరో పేటే. తొమ్మిదో పేటకి ముగ్గు పొయ్యలేదు, ఎనిమిదో పేటవాళ్ళు మిట్ట మీదే ఉన్నారు.

చెవీ, ఇది నీ కోసం చదువుతున్నాను, చరిత్రలోకి కూడా ఎక్కించుకో. ఈ ఏడు మా ఊరు పెరగలేదు.